ఒకే కాగితం మీద ఇళ్లూ పలకలూ

మొన్నామధ్య మా మనవరాలు గ్రామ సచివాలయంలో ఉద్యోగంలో చేరింది. చేరి వారం తిరగలేదు, ఒక సాయంత్రం హడావుడిగా ఇంటికొచ్చి, "తాతా, రేపు ఇళ్ల స్థలాల మీద ప్రజాభిప్రాయ సేకరణ. అందరి సంతకాలూ పట్టుకురావాలి" అంది. "సంతకాల కోసం పోతున్నావా, అభిప్రాయం కోసం పోతున్నావా?" అన్నాను. "రెండూ ఒకటే కదా" అని ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నవాణ్ణే. దాని వెనక జరిగిందంతా ఆ పిల్లకు చెప్పాలనుకున్నాను గానీ, చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకే రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు ఇందులో ఏదైనా పనికొస్తే మంచిదే. పాఠం ఏమిటని మాత్రం నన్ను అడగొద్దు. ఇన్నేళ్లయినా నాకే సగం అర్థం కాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఏ చిన్న ఉత్తర్వైనా కర్నూలు నుంచి కొండలు దాటి రావాలి. పంచాయతీ సమితులు అప్పుడే కొత్తగా వచ్చాయి. నేను గిద్దలూరు పక్క పల్లెవాణ్ణి. మార్కాపురం దగ్గర ఒక సమితిలో గ్రామసేవకుడిగా చేరాను. ఎరువు గుంటలు తవ్వించడం, కోళ్లకు సూదిమందు వేయించడం, కొత్తరకం జొన్న విత్తనాల గురించి చెప్పడం, ఎవరికీ చెందని పని ఏదైనా ఉంటే అది చేయడం మా ఉద్యోగం. అన్ని శాఖల పనీ చివరికి మా సైకిలు మీదకే చేరేది.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. అదే నా కొంప ముంచింది. ఆ రాత చూసి బీడీఓ గారు, "సమితి వార్తలు ఇకనుంచి నువ్వే రాయి" అన్నారు. నెలకోసారి స్టెన్సిలు అనే మైనం కాగితం మీద రాసి, సైక్లోస్టైలు యంత్రం మీద కాపీలు తీసి, ఊరూరా పంచాయతీ గోడలకు అంటించేవాళ్లం. చదవడం వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి, అంటించాక నిలబడి గట్టిగా చదివి వినిపించాలి. నాకు ఆ పని మహా ఇష్టంగా ఉండేది. ఇరవై రెండేళ్లవాణ్ణి. పదిమంది నోరు మూసుకుని నా మాట వింటుంటే ఎవరికి చేదు?

మా ఆఫీసులో ఒక పెద్ద గుమాస్తా ఉండేవారు. తాలూకా కచేరీలో తల పండి వచ్చిన మనిషి, ముక్కుపొడుం అలవాటు. ఫైలుకు దారం ఎట్లా కట్టాలో, అధికారి కోపంగా ఉన్నప్పుడు ఏ కాగితం ముందు పెట్టకూడదో నాకు నేర్పింది ఆయనే. నన్ను కొడుకులాగా చూసుకున్నారు. నేను చేసిన తప్పులో ఆయన చేయీ ఉంది గానీ, ఆయన మీద నాకు కోపం ఎప్పుడూ రాలేదు.

ఆ నెల రెండు సంగతులు వచ్చి పడ్డాయి. రెండూ ఒక గూడేనికి సంబంధించినవే. ఆ గూడెం వాళ్లది పలకల పని. గనిలోంచి తెచ్చిన రాతిని ఉలితో పొరలుగా చీల్చి, అరగదీసి, చెక్క చట్రంలో బిగిస్తే బడిపిల్లలు రాసుకునే పలక అవుతుంది. వాగు ఒడ్డున గడ్డి కొట్టాల్లో ఉండేవాళ్లు. ఇల్లూ పనిచోటూ వేరు కాదు. ఆడవాళ్లు పొయ్యి మీద కుండ పెట్టి, పక్కనే కూర్చుని రాయి చీల్చేవాళ్లు.

మొదటి సంగతి కర్నూలు ఉత్తర్వు. ఆ గూడేనికి పెంకుటిళ్లు మంజూరయ్యాయి. అక్కడి జనాన్ని సమావేశపరిచి, వాళ్ల అభిప్రాయం తెలుసుకుని, సమ్మతి తీసుకున్నాకే కట్టాలని అందులో స్పష్టంగా ఉంది. రెండోది మా సమితి తీర్మానం. ఇకమీదట సమితి బడులకు పలకలు వ్యాపారి దగ్గర కాకుండా, పనివాళ్లు పెట్టుకునే సంఘం దగ్గరే కొనాలి. చేసినవాళ్లకు న్యాయమైన ధర ముట్టాలి, పసిపిల్లల్ని రాతి దగ్గర కూర్చోబెట్టకూడదు. టీ వచ్చే వేళకు ఆ తీర్మానం గబగబా ఆమోదం పొందింది. ఎట్లా పొందితేనేం, మంచి తీర్మానం. దాన్ని చూసి నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

స్టెన్సిలు ఒక్కటే మిగిలింది. కొత్తవి కర్నూలు నుంచి రావాలి. ఏం చేద్దామని గుమాస్తా గారిని అడిగాను.

"రెండూ ఆ గూడెం ముచ్చట్లేగదయ్యా. ఒకదాని కింద ఒకటి రాసెయ్. మీటింగు గూడా ఒకటే పెట్టు. రెండు మీటింగులంటే వాళ్లకు రెండు పూటల పని పోతాది" అన్నారాయన.

ఆ చివరి మాట నాకు చాలా దయగా తోచింది. అట్లాగే రాశాను.

గూడెంలో మీటింగు పెట్టాను. మొదట ఇళ్ల సంగతి, వెంటనే పలకల సంగతి, ఊపిరి తిప్పుకోకుండా చదివాను. వాగుకు మైలున్నర దూరంలో మెరక మీద సర్కారు బంజరు ఉంది, అక్కడ ఇళ్లు వస్తాయని చెప్పాను. అభ్యంతరాలుంటే చెప్పమన్నాను. ఒక పెద్దాయన, "మీరు సదువుకున్నోళ్లు. ఆలోసన చేయకుండా చెప్తారా?" అన్నాడు.

ఒక పెద్దమ్మ మాత్రం ఒక మాట అడిగింది. ఆ గూడెంలో రాయి చీల్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నడివయసు మనిషి, మాట తక్కువ. ఆమె పక్కన తడి గోనెపట్టాలు కప్పిన రాళ్ల కుప్ప ఉంది.

"ఇండ్లు ఆ మెరక మీదనేనా నాయనా?"

"అవును పెద్దమ్మా. మంచి గాలి వస్తాది" అన్నాను.

ఆమె గోనెపట్టాల వైపు ఒకసారి చూసింది, నా చేతిలో కాగితం వైపు చూసింది. సిరా దిండు తీసి ముందు పెడితే, మొదటి వేలిముద్ర ఆమే వేసింది. తర్వాత అందరూ వేశారు. ఒకే కాగితం, ఒకే వరస ముద్రలు. "ప్రజలను సంప్రదించడమైనది, అందరూ ఏకగ్రీవంగా సమ్మతించిరి" అని కింద గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేశాను. గుమాస్తా గారు చూసి, "ఇట్ల ఉండాల కాగితమంటే" అని మెచ్చుకున్నారు.

ఇళ్లూ సంఘమూ రెండూ తర్వాతి వేసవికి తయారయ్యాయి. మెరక మీద రెండు వరసల పెంకుటిళ్లు, తెల్ల సున్నం, పచ్చరంగు తలుపులు. బావి ఒకటి తవ్వించారు గానీ నీళ్లు పడలేదు. వానలొస్తే పడతాయన్నారు. పాత కొట్టం పీకేసినవాళ్లకే కొత్త ఇంటి తాళం చెవి ఇవ్వాలని నిబంధన. గూడెమంతా కొట్టాలు పీక్కుని, వాసాలు నెత్తిన పెట్టుకుని మెరకెక్కింది. సంఘానికి ఆ పెద్దమ్మనే అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. బడులు తెరిచేలోగా సమితికి పలకలు అందించాలి, అదే సంఘం మొదటి పని. అందించకపోతే సంఘం కథ ముగిసినట్టే. అంతవరకు వాళ్ల పలకలు కొన్న వ్యాపారి అప్పటికే చెప్పేశాడట, "సమితి ఈయేడు ఉంటాది, వచ్చే ఏడు ఉండదు. నా దుకాణం మెట్లు మళ్లీ ఎక్కాల్సిందే. అప్పుడు చెప్తా మీ సంగతి" అని.

వాళ్లు ఇల్లు మారిన మూడు వారాలకు, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెళ్లాను. ప్రతి గుమ్మం ముందూ పగిలిన రాతి ముక్కలు గుట్టలుగా ఉన్నాయి. మంచి పలకలు ఒక మూల కాసిని ఉన్నాయి, అంతే. నాకేమీ అర్థం కాలేదు. పని మీద శ్రద్ధ తగ్గిందేమో అని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

"ఏంది పెద్దమ్మా ఇది?" అన్నాను.

ఆమె ఒక రాయి తీసి ముందు పెట్టుకుంది. ఉలి ఆనించి సుత్తితో తట్టింది. రాయి అడ్డంగా విరిగి ముక్కలైంది. తర్వాత లోపలికి వెళ్లి, కుండలో తాగే నీళ్లు పోసి తడిపి ఉంచిన ఒక్క రాయి తెచ్చింది. అట్లాగే తట్టింది. విస్తరాకులు విడదీసినట్టు పొర పొరా వచ్చేసింది.

"గని నుంచి తెచ్చిన రాయి ఆరకూడదు నాయనా. ఆరితే చీలదు, పగుల్తాది. వాగు కాడ ఉన్నప్పుడు ఇసకలో చెలమ తవ్వి నీళ్లు చల్లుకుంటా ఉంటిమి. ఈడ తాగేదానికే మైలున్నర మోయాల. రాతికి యాడ్నుంచి తెచ్చేది? పైగా ఈ గాలి."

గాలి గొప్ప నేను చెప్పిందే. అయినా నోరు ఊరుకోదు కదా, ఆమెనే ఎదురు అడిగాను.

"ఈ మాట మీటింగులో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నువ్వు రాయి సంగతి అడగలే. ఇండ్ల సంగతి అడిగినావు."

"పోనీ, ఇండ్లు ఆడ వద్దనాల్సింది."

ఆమె నన్ను వింతగా చూసింది. "వద్దంటే పలకలు తీస్కోరు గదా? ఇండ్లు, పలకలు ఒక్క కాయితంలోనే గదా నువ్వు సదివినావు. ఒక్కసారే గదా ఏలిముద్ర ఏపిచ్చుకున్నావు. పలకల కోసరం ఇండ్లకు ఊ అన్నాం. కొట్టాల్లో బతకలేమా ఏంది, ఇన్నాళ్లు బతకలే?"

"అట్లాంటి నిబంధన ఏదీ లేదు పెద్దమ్మా. అవి వేరు, ఇవి వేరు."

"మరి ఒక్క కాయితం ఎందుకు తెచ్చినావు నాయనా?"

స్టెన్సిలు ఒక్కటే ఉండిందని ఆమెకు ఎట్లా చెప్పాలి? చెప్పాను. స్టెన్సిలంటే ఏందని అడిగింది. అది చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆఫీసుకు తిరిగొచ్చి గుమాస్తా గారికి అంతా చెప్పాను. ఆయన ముక్కుపొడుం పీల్చి, చేతులు దులుపుకున్నారు. "కాగితంలో తప్పేం లేదు. ముద్రలున్నాయి, నీ సంతకం ఉంది. ఇప్పుడు తప్పని నువ్వు రాసిస్తే, ప్రొబేషన్‌లో ఉన్నోడివి, ఇంటికి పంపిస్తారు. కదిలించొద్దు" అన్నారు. నా మంచికే అన్నారు. బీడీఓ గారి దగ్గరికి పోతే, కర్నూలు నుంచి జిల్లా అధికారి కొత్త ఇళ్లు చూడడానికి వస్తున్నారని ఆయన హడావుడిలో ఉన్నారు. నా మాట సగంలోనే, "తర్వాత చూద్దాం" అన్నారు.

నేను చేసిన పని ఒక్కటే. మర్నాడు పొద్దున్నే మెరకకు పోయి, "మీరు వాగు కాడికే పోయి పని చేసుకోండి. పలకలు తీసుకుంటారు. నాదీ పూచీ" అన్నాను. ఆ పూచీ ఇచ్చే హోదా నాకు లేదని వాళ్లకు తెలుసు. అయినా వాసాలు మళ్లీ నెత్తికెత్తుకుని దిగిపోయారు. నన్ను నమ్మి దిగారో, వేరే దారి లేక దిగారో తెలియదు.

అధికారి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. జీపులో ఆయన, బీడీఓ గారు ముందు కూర్చుంటే, గుమాస్తా గారూ నేనూ ఫైళ్లతో వెనక కూర్చున్నాం. మెరక మీద జీపు ఆగింది. రెండు వరసల ఇళ్లూ తాళాలేసి ఉన్నాయి. ఒక కోడి కూడా లేదు.

"మనుషులేరి?" అన్నారు అధికారి.

బీడీఓ గారు నా వైపు చూశారు. వాగు దగ్గరున్నారని చెప్పాను. జీపు అక్కడికి పోయింది. తడి గోనెల కింద రాళ్లు, ఉలి చప్పుళ్లు, ఒక పక్కన చట్రాలు బిగించిన పలకలు చక్కగా పేర్చి ఉన్నాయి. కావలసినన్ని తయారయ్యాయని చూడగానే తెలిసింది. వాటిని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

అధికారి మాత్రం ఫైలు అడిగి తీసుకున్నారు. సమితి వార్తలు, కింద వేలిముద్రలు, నా సంతకం, అన్నీ చూశారు.

"ఇళ్లకూ సంఘానికీ కలిపే కదా సమ్మతి తీసుకున్నారు? ఇళ్లు కాదనుకున్నవాళ్లకు సంఘం ఎట్లా వర్తిస్తుంది? ఈ పలకలు సమితి తీసుకోవడానికి వీల్లేదు."

గుమాస్తా గారు నా మోచెయ్యి పట్టుకున్నారు, మాట్లాడొద్దని. బీడీఓ గారు మెడ గోక్కున్నారు. ఉలి చప్పుళ్లు ఒకటొకటే ఆగిపోయాయి. పెద్దమ్మ లేచి నిలబడి నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఇప్పుడేమంటావు అన్నట్టు మామూలుగా చూస్తోంది.

గుమాస్తా గారి చేతిలోంచి మోచెయ్యి విడిపించుకున్నాను.

"ఆ నిబంధన లేదు సార్. రెండూ వేరువేరు. స్టెన్సిలు లేక నేనే ఒకే కాగితం మీద రాశాను. ముద్రలు కూడా ఒకసారే తీసుకున్నాను. తప్పు నాది" అన్నాను.

"అయితే ఈ ముద్రలు దేనికి వేసినట్టు?"

"నాకు తెలియదు సార్."

"తీసుకున్నది నువ్వే కదయ్యా?"

"నేనే సార్."

"ఏకగ్రీవమని రాసింది?"

"నేనే సార్. దేనికి ఏకగ్రీవమో ఇప్పుడు తెలియడం లేదు."

ఎవరో ఆడమనిషి నవ్వాపుకుంది. అధికారి కలం తీశారు, మళ్లీ మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. చెడ్డవాడు కాదాయన. కాసేపు ఆ పలకల వరసల ముందు అటూ ఇటూ నడిచి, "పలకలు తీసుకోండి. ఇళ్ల సంగతి మళ్లీ వీళ్లను సరిగ్గా అడిగి రాయండి" అని బీడీఓ గారికి చెప్పి జీపెక్కారు.

బడులు తెరిచేసరికి పలకలు అందాయి. సంఘం నిలబడింది. నాకు మెమో వచ్చింది. తిరుగు ప్రయాణంలో నాతో ఒక్క మాటా మాట్లాడని గుమాస్తా గారే దానికి సమాధానం రాసిచ్చారు. నాలుగు పేజీలు రాశారు. చదివితే తప్పు చేశానో లేదో నాకే అనుమానం వచ్చేంత బాగా రాశారు. ఉద్యోగం పోలేదు. ప్రొబేషన్ పొడిగించి, త్రిపురాంతకం వైపు మార్చారు.

వెళ్లేముందు అధికారి చెప్పినట్టు రెండో మీటింగు పెట్టాను. ఈసారి ఇళ్ల కాగితం ఒక్కటే తీసుకుపోయాను. మెరక మీది ఇళ్లు కావాలా, వద్దా, ఇంకెక్కడైనా కావాలా అని అడిగాను. అందరూ పెద్దమ్మ వైపు చూశారు.

"వద్దంటే పలకలు తీసుకుంటారా?" అంది ఆమె.

"తీసుకుంటారు."

"కావాలంటే?"

"అప్పుడూ తీసుకుంటారు."

"మరి మమ్మల్ని ఎందుకు అడగడం?"

"మీకేం కావాలో తెలుసుకునేదానికి."

ఆమె నమ్మలేదు. ఏదో మెలిక ఉందని వాళ్లంతా చాలాసేపు గుసగుసలాడుకున్నారు. పక్క గూడెం మనిషినొకణ్ణి పిలిచి నా కాగితం చదివించుకున్నారు. చివరికి పెద్దమ్మ వాగు గట్టున, వరద తగలని ఒక దిబ్బ చూపించింది. "ఇండ్లు మాకూ కావాల నాయనా. వానకు కొట్టం కారితే పిల్లోళ్లను యాడ పండబెట్టేది? ఇండ్లు ఈడ గావాల" అంది. అది వాళ్లు నోరు తెరిచి అడిగిన మొదటి మాట. ఉన్నదున్నట్టు రాశాను. జీవితంలో నేను నిజాయితీగా రాసిన మొదటి అభిప్రాయ సేకరణ అదే.

కర్నూలు నుంచి జవాబు రావడానికి ఏడాది పట్టింది. అది వాగు పోరంబోకు కాబట్టి ఇళ్లకు ఇవ్వడం కుదరదట. పైగా ఆ గూడెం వాళ్లకు వాళ్ల సమ్మతితోనే ఇళ్లు ఇచ్చేశామని రికార్డులో ఉందట. సమ్మతికి రుజువు ఆ వేలిముద్రలే. తప్పని నేను పదిమందిలో ఒప్పుకున్న కాగితాన్ని ఫైల్లోంచి ఎవరూ తీసేయలేదన్నమాట.

తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. ప్రకాశం జిల్లా ఏర్పడిన చాలా ఏళ్లకు, ఒకసారి పనిమీద కనిగిరి వెళ్లి మార్కాపురం బస్సులో తిరిగొస్తూ ఆ గూడెం దగ్గర దిగాను. మెరక మీద ఇళ్లు అట్లాగే ఉన్నాయి, సున్నం మాత్రం పోయింది. కిటికీలోంచి చూస్తే, నేల నుంచి వాసాల దాకా పేర్చిన పలకలు. సంఘం వాళ్లు గోదాముగా వాడుకుంటున్నారు. తయారైన పలకకు తడి పనికిరాదు, ఆ చోటు దానికి బాగా సరిపోయింది.

పెద్దమ్మ వాగు దగ్గరే ఉంది, కొట్టంలోనే. చూపు మందగించింది. గొంతు విని గుర్తుపట్టింది. మంచినీళ్లిచ్చి, కూర్చోమని గోనెపట్టా వేసింది. సంఘం బాగా నడుస్తోందని, వ్యాపారి మెట్లు మళ్లీ ఎక్కలేదని చెప్పింది. పైకప్పు మీద గడ్డి ఒక పక్క కుంగిపోయి ఉంది. నేను దాన్నే చూస్తున్నానని ఆమెకు తెలిసినట్టుంది.

"పలకలు పెంకుటింట్లో ఉండాయి నాయనా. మేమే కొట్టంలో ఉండాము" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. క్షమించమని అడుగుదామనుకుని, ఆమె ఇచ్చిన నీళ్లు తాగాను.

బస్సు వేళైందని లేచాను. ఆమె కూడా లేచి, నా భుజం తడుముకుని పట్టుకుంది.

"ఒక్క మాట అడుగుతా, ఇప్పుడన్నా చెప్పు నాయనా. ఆ పొద్దు మీటింగులో మేము ఏం చెప్పుంటే బాగుండేది?"

రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది. నేను జవాబు వెతుక్కుంటూ ఆమె ముందు అట్లాగే నిలబడిపోయాను. బస్సు వెళ్లిపోయింది.